మా ముత్తవ్వ మూడు చావులు

జూన్ 9, 2187

ఇవాళ జరిగింది నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా రాసి పెట్టుకుందామని మొదలుపెట్టాను.

పొద్దున మంచువలలు దులిపి, తొట్టిలోకి దిగిన నీళ్ళు ఆవుకు పెట్టి, కొండవాలు మీద మూడో మెట్టులోని జొన్నచేనికి వెళ్ళాను. మా నీటి వంతు రోజు. తూము గేటు మీద అరచెయ్యి ఆనిస్తే పచ్చదీపం వెలిగి తలుపు లేస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. ఇవాళ పసుపు దీపం వెలిగింది. "వంతుదారు వంశం సరిపోలలేదు. వానాకాలం ముగిసేలోపు రికార్డుల ఆఫీసులో రుజువు చూపాలి" అంది గేటు. నీళ్ళు మాత్రం వదిలింది.

చేను తడిసేదాకా ఆగి, తీగబండి ఎక్కి కొండ కింది సంగమెట్టకు దిగాను. రికార్డుల అధికారి రజాక్ సార్ నాకు కుర్చీ చూపించాడు. "మీ ఒక్కరికే కాదులేమ్మా, కొండ మీది ఊర్లన్నిటికీ వచ్చినాయి ఈ నోటీసులు" అన్నాడు. పాత జనగణన పుటలు, జనన మరణాల రిజిస్టర్లు, వరద శిబిరాల జాబితాలు ఇన్నేళ్ళూ వేటికవే ఉండేవట. ఈ ఏడాది అన్నిటినీ ఒకచోట కలిపారు. నీటి వంతు మొదట ఎవరికి ఇచ్చారో వాళ్ళ రక్తసంబంధీకులకే చెల్లుతుందని నీటి బోర్డు నియమం. కలిపిన లెక్కలు ఎక్కడ పొసగకపోతే అక్కడ పసుపు దీపం.

మా వంతు మొదట ఇచ్చింది మా ముత్తవ్వ సవారమ్మకు. ఆమె పేరే నాకు పెట్టారు. ఇంట్లో సవారి అంటారు.

రికార్డులు చదివి వినిపించే యంత్రం ముందు కూర్చున్నాను. ఆ గొంతును మేమంతా లెక్కలమ్మ అంటాం. మా నాయన బతకన్న, ఆయన నాయన గిడ్డయ్య, గిడ్డయ్యను కన్నతల్లి సవారమ్మ అని చెప్పాను.

"గిడ్డయ్య. జననం 2076 మార్చి, గవిమెట్ట. తండ్రి ఉరుకుందప్ప, తల్లి సవారమ్మ" అంది లెక్కలమ్మ. గవిమెట్ట మా ఊరే, నేను తలూపాను. "సవారమ్మ, భర్త ఉరుకుందప్ప, గవిమెట్ట. మరణం 2073 ఆగస్టు, సంగమెట్ట వరద శిబిరం ఆసుపత్రి."

కొడుకు పుట్టడానికి మూడేళ్ళ ముందే తల్లి పోయిందంటోంది. చెవిలో ఏదో పడ్డట్టు తల విదిలించుకుని, "ఇంగోసారి అడగండి సార్" అన్నాను. ఈసారి లెక్కలమ్మ ఇంకో ముక్క కలిపింది. "సవారమ్మ, భర్త ఉరుకుందప్ప, గవిమెట్ట. మరణం 2124 ఫిబ్రవరి, స్వగృహం."

"ఒక మనిషి రెండుతూర్లు ఎట్ల సస్తాది సార్?"

"నేనూ అదే అనుకుంటాండా" అన్నాడాయన. మా ఊళ్ళో ఆ పేర్లతో ఇంకో జంట ఉందేమో వెతికాడు. లేదు.

జూన్ 10

నాయన అరుగు మీద కూర్చుని చిరిగిన మంచువలకు ముళ్ళు వేస్తుంటే చెప్పాను. ఆయనకు డెబ్బై నాలుగేళ్ళు. సగం విని చేతిలోని వల కింద పడేశాడు.

"ఎవుర్ని సచ్చిందంటాండావు? నాకు పదకొండేండ్లు వచ్చేదాంక మా జేజి సంగటి ముద్ద చేసి నోట్లో పెట్టింది మే. సచ్చినోళ్ళు సంగటి కెలుకుతారా?"

"నేను అనలేదు నాయనా, రిజిస్టర్లో ఉంది."

"రిజిస్టరుకు ఏం తెలుసు? అది మా జేజి ఒళ్ళో పండుకునిందా?"

ఆయన అన్నది నిజమే. జేజి అంటే నాయనమ్మ, ఆయనకు ఆమె పేరు కాదు, మనిషి. ఆమె చేతులు, ఆమె చీర అంచు, ఆమె కోపం అన్నీ ఆయన దగ్గరున్నాయి. నా దగ్గర ఉన్నది ఆమె పేరు ఒక్కటే. అదీ ఇప్పుడు ఎటూ కాకుండా ఊగుతోంది.

నాయన మళ్ళీ వల ఎత్తుకుని మధ్యాహ్నం దాకా ముళ్ళు వేశాడు. తర్వాత వచ్చి, "ఎవురో గుమాస్తా పొరపాటు రాసింటాడు. రెండు దినాలు పోతే వాళ్ళే సరిజేస్తారు" అన్నాడు. నేను కూడా అలాగే అనుకుని ఆవుకు చొప్ప వేశాను.

జూన్ 17

పొరపాటు అనుకోవడం ఇక కుదరదు.

వందేళ్ళు దాటిన జనగణన పుటలు ఎవరైనా చూడవచ్చు. రజాక్ సార్ మా ఇంటివి రెండు తీసి తెర మీద పక్కపక్కనే పెట్టాడు. 2071 నాటి పుటలో ఉరుకుందప్పకు ఇరవై ఎనిమిదేళ్ళు, భార్య సవారమ్మకు ఇరవై నాలుగు, కూతురు ఎల్లమ్మకు ఒకటి. 2081 పుటలో ఉరుకుందప్పకు ముప్పై ఎనిమిది, ఎల్లమ్మకు పదకొండు, కొడుకు గిడ్డయ్యకు ఐదు. అందరికీ పదేళ్ళు సరిగ్గా పెరిగాయి. సవారమ్మకు మాత్రం ఇరవై తొమ్మిది.

"ఐదేండ్లే పెరిగింది" అన్నాను.

"వయసు సంగతి వదిలేయమ్మా, ఆ కాలంలో నోటికొచ్చింది చెప్పేవాళ్ళు. చదువు చూడు."

మొదటి పుటలో సవారమ్మకు చదువు లేదు. రెండో పుటలో పదో తరగతి.

ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరి తర్వాత ఒకరు, ఒకే పేరుతో. తెర మీద ఆ రెండు వరసలనూ చూస్తూ కూర్చుండిపోయాను. రెండో ఆమె వేరొకరి పేరు తీసుకుంది, మొగుణ్ణి తీసుకుంది, కూతుర్ని తీసుకుంది. జనగణన ఆయన వచ్చి వయసెంత, ఎంతవరకు చదివావు అని అడిగితే మాత్రం నిజం చెప్పేసింది. మరిచిపోయి చెప్పిందా? లేక ఆ రెండైనా తనవి తనకు ఉండనిమ్మనుకుందా?

ఎందుకిలా చేశారో రజాక్ సార్ చెప్పాడు. అప్పట్లో వంతులు ఆడవాళ్ళ పేరు మీదే ఇచ్చేవాళ్ళు. ఆమె చనిపోతే కూతురు పెద్దదయ్యేదాకా వంతు బోర్డుకు పోయేది. ఎల్లమ్మకు అప్పుడు మూడేళ్ళు. పదిహేనేళ్ళు నీళ్ళు లేకుండా మెట్టచేను ఏమవుతుంది? సవారమ్మ ఊరు కాని ఊళ్ళో, శిబిరం ఆసుపత్రిలో పోయింది. అక్కడి రిజిస్టరు ఇక్కడి రిజిస్టరుతో మాట్లాడే రోజులు కావవి. ఊరివాళ్ళు నోరు విప్పకపోతే బోర్డుకు తెలియదు.

"మరి ఆ రెండో ఆమె ఎవురు సార్?"

"అది రెండో పుటలో రాయలేదమ్మా."

జూన్ 25

మద్దిలేటి బావ వచ్చాడు. కింది రెండు మెట్లూ ఆయనవే, దానిమ్మ తోట. ఎల్లమ్మ మనవడు ఆయన, గిడ్డయ్య మనవరాల్ని నేను. ఇన్నాళ్ళూ మా రెండిళ్ళూ ఒకే వంతును సగం సగం వాడుకుంటున్నాం. ఎప్పుడొచ్చినా నన్ను ఏదో ఒకటి అని ఏడిపించే మనిషి, ఇవాళ గడప దగ్గరే నిలబడ్డాడు.

"నాకు పచ్చదీపం వచ్చింది మే."

"మంచిదే గదా బావా."

"పచ్చదీపంతో పాటు ఇంగో మాట గూడా చెప్పింది గేటు. మొత్తం వంతు నాకే రావచ్చంట."

నాకు వెంటనే తట్టలేదు. తర్వాత తట్టింది. అసలు సవారమ్మ 2073లో పోయి ఉంటే ఆమెకు మిగిలిన బిడ్డ ఎల్లమ్మ ఒక్కతే. గిడ్డయ్య ఆమె కొడుకు కాడు. మేము ఆమెకు ఏమీ కాము.

నాయన లోపలి నుంచి అరిచాడు. "మా నాయనా, మీ అవ్వా ఒక పళ్ళెంలో తిని పెరిగినారురా!"

"నేను కాదంటినా మామా?" అన్నాడు బావ. మజ్జిగ ఇస్తే తాగకుండా వెళ్ళిపోయాడు. కోపం వచ్చిందో, సిగ్గేసిందో, ఆశ పుట్టిందో ఆయన ముఖం చూస్తే తెలియలేదు. ఆయనకైనా తెలుసో లేదో.

జూలై 3

వాన పడలేదు. మబ్బు మాత్రం కొండను పట్టుకుని ఉంది, వలలు బాగా నిండుతున్నాయి. తొట్టి దగ్గర నేను బిందెలు నింపుతుంటే నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను అడగకుండానే మొదలుపెట్టాడు.

"నాకు ఎనిమిదో తొమ్మిదో ఏండ్లు. జేజి నన్ను సంగమెట్ట సంతకు పిల్సుకపోయింది. ఆయమ్మ నెత్తిన గుడ్ల గంప. చేపలమ్మేదొకతె వాళ్ళ పాపను పిలిసింది, 'తాయారూ, ఇలా రాయే' అని. జేజి గిరుక్కున తిరిగింది. గంప పడిపాయ. గుడ్లన్నీ పగిలిపాయ."

"తర్వాత?"

"ఏం లేదు. రోడ్డు మీద కూకొని ఆ గుడ్ల పెంకులు ఏరింది. నేను ఏడుస్తాంటే, గుడ్లకేం రా, మళ్ళా పెడతాయి అనింది. ఆయమ్మ మాత్రం చేపలామెనే చూస్తాండె. ఇన్నేండ్లూ గుడ్లు పోయినాయనే అనుకున్యా మే."

బిందె నిండి పొర్లుతున్నా నేను చెయ్యి తీయలేదు. నాయన లేచి గొట్టం మూశాడు. "నేను చెప్పినట్లు ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు. కాసేపటికి, "చెప్తే చెప్పుపో" అన్నాడు.

జూలై 8

తాయారు అనే పేరు, 2073లో ఇరవై ఒకటో ఇరవై రెండో వయసు, పదో తరగతి, సంగమెట్ట శిబిరం. లెక్కలమ్మకు ఈ నాలుగూ చెప్పాను. ఆ శిబిరం నిండా కోస్తా నుంచి వచ్చినవాళ్ళేనని, సముద్రం లంకలను మింగేసిన ఏడు వాళ్ళను ఎగువకు తెచ్చి ఇక్కడ పెట్టారని రజాక్ సార్ అన్నాడు.

"పెసంగి మంగతాయారు. వయసు ఇరవై ఒకటి. చదువు పదో తరగతి. స్వగ్రామం మునగలంక. శిబిరం ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు సహాయకురాలు. 2073 ఆగస్టు తర్వాత హాజరు లేదు. తప్పిపోయినట్టు తమ్ముడి ఫిర్యాదు. 2081లో మరణించినట్టు ప్రకటన."

మూడో చావు. మా ఇంట్లో జనగణన ఆయన కూర్చుని ఇరవై తొమ్మిదేళ్ళని రాసుకున్న ఏడాదే, ఇంకో ఆఫీసులో ఆమె చనిపోయిందని రాశారు.

నేను కథ అల్లుకున్నాను. భార్యకు జ్వరం ముదిరితే ఉరుకుందప్ప ఆమెను శిబిరం ఆసుపత్రికి తెచ్చాడు. మూడేళ్ళ ఎల్లమ్మను పసిపిల్లల వార్డులో పెట్టారు. అక్కడ ఆ పిల్లను ఎత్తుకున్నది తాయారు. ఆ తర్వాత ఏం జరిగిందో అల్లడం నా చేతకాలేదు. ఆమెను అడిగాడా? బతిమాలాడా? భయపెట్టాడా? శిబిరం మనుషులకు ఎగువన గుంట నేల కూడా కొనే హక్కు లేదప్పుడు. గుడారంలో బతకడం కన్నా ఎవరి పేరైనా మేలనుకుందా?

"ఇది ఊహేనమ్మా" అన్నాడు రజాక్ సార్. "వాళ్ళ తమ్ముని వంశం కింద కోస్తాలో, కొత్తరేవులో ఉండాది. మీ రక్తం చుక్క, వాళ్ళ రక్తం చుక్క కలిస్తే అప్పుడు రుజువు." తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నన్నడిగితే అంత దూరం పోవద్దు. 2073 నాటి చావు పొరపాటున ఎక్కిందని మీ రెండిండ్లోళ్ళు సంతకం పెట్టండి, కొట్టేయిస్తా. సవారమ్మ 2124 దాంక బతికినట్లే. అందరికీ పచ్చదీపం. ఎవురికీ నష్టం లేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత సులువా అనుకుంటూ తీగబండి ఎక్కాను. సగం కొండ ఎక్కేసరికి ఎందుకో ఆ సంతోషం పలచబడిపోయింది.

జూలై 12

సంతకం పెట్టనన్నాడు మద్దిలేటి బావ.

తూము గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను మాట పూర్తి చేయకముందే తల అడ్డంగా ఊపాడు. "మా అవ్వను కన్నతల్లి సచ్చిపోయినప్పుడు ఎవురూ ఏడ్వలేదు మే. ఏడిస్తే బోర్డుకు తెలిసిపోతాదని. కర్మ చేయలేదు. యాడ పూడ్సినారో తెలీదు. మా అవ్వకే తెలీదు, వాళ్ళమ్మ సచ్చిపోయిందని. ఇప్పుడు ఆ రిజిస్టర్లో ఉండే ఒక్క ముక్క గూడా నా చేత్తో కొట్టేయమంటావా?"

"కొట్టేయకపోతే నీళ్ళన్నీ నీకొస్తాయి బావా."

"అందుకే అంటాండానని అనుకుంటాండావా?"

"నాకు తెలీదు."

ఆయన తూములో అడ్డంపడ్డ పుల్లను తీసి గట్టు మీద పడేశాడు. "నాకూ తెలీదు" అన్నాడు చివరికి.

అబద్ధం చెప్పి ఉంటే ఆయన మీద కోపమైనా పెట్టుకునేదాన్ని.

ఇంటికొచ్చి నాయనకు చెబితే మండిపడతాడనుకున్నాను. ఆయన పైపంచె దులిపి భుజాన వేసుకున్నాడు. "కొత్తరేవుకు రైలెప్పుడు?" అన్నాడు.

జూలై 21

కొత్తరేవు నుంచి తిరిగొచ్చే రైల్లో రాస్తున్నాను. నాయన కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోవడం లేదు.

అక్కడ ఊరంతా నీళ్ళ మీదే ఉంది. ఇళ్ళకు కింద స్తంభాలు, ఇళ్ళ మధ్య చెక్క దారులు. ఉప్పు వరి పండించే మడులు తెప్పల మీద తేలుతున్నాయి. మనుషులు మడిని తాడుతో ఇంటి దగ్గరికి లాక్కుని కలుపు తీసి, మళ్ళీ వదులుతున్నారు. నాయన చెక్కదారి మీద నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచాడు. కొండ మనిషికి కాళ్ళ కింద నీళ్ళు కదులుతుంటే భయమే.

మంగతాయారు తమ్ముడి మనవరాలు వీరవేణిగారు. ఎనభై ఏళ్ళుంటాయి. ముందే కబురు చేశాం కాబట్టి గుమ్మంలో ఎదురుచూస్తోంది. "ఆయ్, రండి రండి. కాళ్ళు కడుక్కోండి" అంది. ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త మా ముగ్గురి వేళ్ళ నుంచి తలా ఒక చుక్క తీసి చిన్న పెట్టెలో పెట్టింది. అది తేల్చేలోపు వీరవేణిగారు మాకు మంచినీళ్ళు ఇచ్చింది. పెట్టె మోగింది. తోబుట్టువుల సంతతి అని చెప్పింది.

నేను ఆమె ముఖంలోకి చూశాను, ఆమె మా నాయన ముఖంలోకి చూసింది. ఏ పోలికా కనబడలేదు. నాయన చేతులు జోడించాడు. ఆమె కూడా జోడించింది. ఆ తర్వాత ఆమె గొంతు మారింది.

"ఒక్క మాట అడుగుతానండి, తప్పుగా అనుకోకండి. మా తాతయ్యగారు శిబిరాలన్నీ కాళ్ళరిగేలా తిరిగి ఎతికేరండి. ఎగువోళ్ళు ఎత్తుకుపోయేరని చెప్పేవోరు. అప్పట్లో అలాగ చాలామంది ఆడపిల్లలు పోయేరంట. మా తాయారమ్మ ఇష్టపడి వెళ్ళిందాండి? లేపోతే లాక్కుపోయేరా?"

ఇదే అడుగుతుందని నాకు తెలుసు. రైల్లో వచ్చేటప్పుడంతా జవాబు వెతుక్కున్నాను. నాయన వైపు చూశాను.

"తెలీదు తల్లీ" అన్నాడు నాయన. "మా తాతను నేను సూల్లేదు. నేను పుట్టేలోపలే పోయినాడు. ఆయమ్మ ఎప్పుడూ ఆయన్ని తిట్టలేదు. పొగడనూ లేదు. మా నాయనను, మా అత్త ఎల్లమ్మను ఇద్దర్నీ ఒగటే మాదిరి సాకింది. ఎల్లమ్మత్త కాన్పులన్నీ ఆయమ్మ చేతుల మీదే అయినాయి. అది నాకు తెలుసు. ముందు సంగతి నాకు తెలీదు. అబద్ధం చెప్పను."

వీరవేణిగారు చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత తనకు తెలిసిన తాయారు గురించి చెప్పింది. ఆమె ఎవరి మాటా వినేది కాదట. గోదావరి పాయను అవతలి ఒడ్డుదాకా ఈది, అక్కడ జామకాయలు కోసుకుని, మళ్ళీ ఈదుకుంటూ వచ్చేదట. తమ్ముణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఈదేదట.

నాయన నోరు తెరిచి వింటున్నాడు. "మా జేజి యాభై ఏండ్లు కొండ మీదే బతికింది. మొలలోతు నీళ్ళు గూడా లేవు ఆడ" అన్నాడు. "ఆయమ్మకు ఈత వచ్చని ఒక్క మాటైనా చెప్పలేదు నాకు."

భోజనం పెట్టారు. నాయన సగం తిని విస్తరి ముందు అలాగే కూర్చున్నాడు.

ఆగస్టు 2

ముగ్గురం రజాక్ సార్ ముందు కూర్చున్నాం. నాయన, నేను, మద్దిలేటి బావ. సార్ మళ్ళీ అడిగాడు, 2073 చావును కొట్టేయించమంటారా అని. కొట్టేయిస్తే తాయారు ఎప్పటికీ తప్పిపోయిన మనిషే. సవారమ్మ ఆ ఆసుపత్రిలో పోయినట్టు ఎక్కడా ఉండదు. మాకు మాత్రం నీళ్ళు.

మొన్నటిదాకా గుమాస్తా తప్పు అంటూ కూర్చున్న నాయనే ముందుగా నోరు విప్పాడు. "2081లో మంగతాయారు సచ్చిపోయిందని రాసింది తీసేయండి. 2124లో పోయింది సవారమ్మ కాదు, మంగతాయారు అని రాయండి. 2073ది అట్లనే ఉండనీయండి. అది నిజమే గదా."

"అట్ల రాస్తే మీ వంతు పోతాది పెద్దాయనా. శిబిరం మనిషి పేరు మీద అప్పుడు వంతు చెల్లదు."

"తెలుసు."

సార్ నా వైపు చూశాడు. ఇక్కడ నేను ధైర్యంగా ఉన్నానని రాయాలని ఉంది. లేను. చేను గురించే ఆలోచించాను. నాయన గురించి, వచ్చే వేసవి గురించి ఆలోచించాను. ఒక్క సంతకంతో పోయేదానికి ఇంత దూరం ఎందుకొచ్చామా అనుకున్నాను. వీరవేణిగారి ఇంట్లో నాయన చెప్పిన మాట గుర్తొచ్చింది, అబద్ధం చెప్పనని. ఆయన అక్కడ చెప్పనన్నదాన్ని నేను ఇక్కడ సంతకంతో ఎలా చెప్పను? వేలు పెట్టాను.

సంబంధం ఏమిటని అడిగింది లెక్కలమ్మ. "మనవడు" అన్నాడు నాయన. "మంగతాయారుకు మనవడు. బతకన్న."

బావ సంతకం పెట్టింది 2073లో సవారమ్మ పోయిన మాట నిజమేనని. సంబంధం దగ్గర మునిమనవడు అని చెప్పి, బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. యాభై ఏళ్ళ మనిషి అలా ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియక పక్కనే నిలబడ్డాను. నూట పద్నాలుగేళ్ళ కింద పోయిన మనిషికి ఇప్పుడు ఏడుపు.

పేరు మార్చుకుంటావా అని సార్ నవ్వుతూ అడిగాడు. వద్దన్నాను. ఆ పేరుతోనే ఒకామె పోయింది, ఇంకొకామె బతికింది. నేను మూడోదాన్ని.

ఆగస్టు 16

ఇప్పుడు నా చెయ్యి ఆనిస్తే గేటు ఏమీ అనదు. దీపమే వెలగదు. మద్దిలేటి బావ వచ్చి తన చెయ్యి పెడితేనే తూము లేస్తుంది.

మొదటి వారం ఆయన సగం వంతు మాకు వదిలాడు, ఎప్పటిలాగే. రెండో వారం ఆయన భార్య, మా అక్క, గట్టిగా పట్టుబట్టిందట, ముందు దానిమ్మ తడవాలని. మా జొన్నకు సాయంత్రం మిగిలిన నీళ్ళు వచ్చాయి. చివరి సాళ్ళకు అందలేదు. ఆకులు చుట్టుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

బావ గట్టు మీదికొచ్చి, "వచ్చేవారం ముందు నీకే" అన్నాడు.

"మరి అక్క?"

"నేను చెప్తాలే."

చెబుతాడో లేదో. చెప్పగలడో లేదో. మంచి మనిషే, ఇంతకు ముందూ మంచి మనిషే. కానీ ముందు నేను నీళ్ళు పెట్టుకునేటప్పుడు ఆయన మంచివాడా కాదా అని ఆలోచించే అవసరం ఉండేది కాదు. మూడో మెట్టు మీద కింది సగం ఈ ఏడు బీడు పెడదామని నాయన అన్నాడు. సరేనన్నాను. మేము చేసింది ఒప్పా తప్పా అని రోజుకొకసారి అడుగుతాను ఆయన్ని. రోజుకొక జవాబు చెబుతాడు.

ఆగస్టు 30

వీరవేణిగారు ఫోన్ చేసింది. నాయన కోసమే చేసింది.

వాళ్ళ తాతయ్య బతికున్నంతకాలం అక్క చనిపోయిందని ఒప్పుకోలేదట. ప్రభుత్వం ప్రకటించినా ఒప్పుకోలేదట. అందుకని ఆ ఇంట్లో తాయారుకు ఎప్పుడూ తద్దినం పెట్టలేదు. ఇప్పుడు పెట్టాలనుకుంటున్నారు. "తిథి తెలియాలి కదండి" అంది.

నాయన ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు. "శివరాత్రి పోయిన మూడో దినం తల్లీ. పొద్దున పూట."

"అంటే ఫాల్గుణ శుద్ధ విదియ అవుద్దండి" అని లోపల ఎవరితోనో రాసుకోమని చెప్పింది. రాసుకున్నాక ఆమె గొంతు చిన్నగా వచ్చింది.

"పోయేటప్పుడు దగ్గర ఎవరున్నారండి?"

"నేనే ఉంటి" అన్నాడు నాయన. "మా నాయన చేనికి పోయినాడు, మా అమ్మ వలల కాడ ఉండె. చలేస్తాంది, పక్కన పండుకోరా అనింది. పండుకున్యా. నా చెయ్యి పట్టుకొని ఏందో చెప్తానే ఉండె. నాకు అర్థం గాలేదు. మా మాట మాదిరి లేదు అది. ఏందో నది గురించి, పడవ గురించి. ఊకొడ్తా ఉంటి. ఊకొడ్తానే నిద్రపోయినా. లేసి సూస్తే పోయింది."

అవతల ఆమె చాలాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే, "ఒక్కత్తే పోలేదండి అయితే" అంది.

"లేదు తల్లీ. ఒక్కతే పోలేదు."